నిమ్మఉప్పు

మూడు నెలలుగా నారింజ దీపం వెలుగుతూనే ఉంది.
దాని మీద చేతిగుడ్డ వేలాడేసి
కాఫీ కాచుకుంటూనే ఉన్నాను,
అప్పులవాడు గుమ్మంలో నిలబడితే
పేపరు ఇంకాస్త పైకెత్తుకునే మనిషిలా.

ఈ శనివారం గొంతు పూడుకుపోయింది యంత్రానికి.
పంపు మూలిగింది, ముల్లు తొమ్మిది దాటింది,
కప్పులోకి మాత్రం
చుక్క.
కాసేపటికి ఇంకో చుక్క.

హొరమావులో మాకు నీళ్ళు లారీలో వస్తాయి.
ఎక్కడివని అడిగితే డ్రైవరు
గడ్డంతో తూర్పు చూపిస్తాడు.
పన్నెండు వందల అడుగుల కింద
ఎవరి చేను అడుగునో బండను నాకుతూ బతికిన నీళ్ళు
నాలుగో అంతస్తు ఎక్కి
నా బాయిలర్‌లో బరువు దించుకుంటున్నాయి,
రోజుకో పలచటి పొర.

కూడా వచ్చిన పుస్తకం పదకొండు భాషల్లో ఉంది.
మనది లేదు.
బొమ్మలు చూసి అర్థం చేసుకున్నాను:
లీటరుకి రెండు చెంచాల నిమ్మఉప్పు.
సగం నీళ్ళు పైనుంచి లాగు,
సగం ఆవిరి గొట్టంలోంచి.
ఆపు. ఇరవై నిమిషాలు కదిలించకు.

ఊరికే కూర్చోలేక జల్లెడ మర విప్పాను.
వెనకాల నల్లగా, జిడ్డుగా,
ఎప్పటెప్పటి ఉదయాల మడ్డి!
దీంట్లోంచా ఇన్నాళ్ళూ తాగింది?
దీంట్లోంచా చుట్టాలకి పోసింది,
చిక్కమగళూరు తోటల మీద
ఉపన్యాసం ఇచ్చి మరీ?

అప్పుడొచ్చింది గంగులమ్మ, మెట్లన్నీ ఎక్కి, ఆయాసంతో.
లిఫ్టు మళ్ళీ చెడిందట.
"ఏంది మేడం, దీనికీ జబ్బు చేసిందా?"
గిన్నెలో రాలిన తెల్లపొట్టు
రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి,
"సున్నం. మా పావగడ పక్క
బిందెల అడుగున వేలెడు మందం ఉంటాది.
చింతపండు ఏసి రాత్రంతా నానబెడితే
పొద్దున్నే పెచ్చులు పెచ్చులుగా లేచొస్తాది."

కూర్చోబోయింది. మోకాలు కటుక్కుమంది.
"దీనికి మాత్రం ఏ పులుపూ పన్జేయదు.
ఆ నీళ్ళే మేడం, ఎముకల్లోకి దిగినాయి.
మా అన్నకి మెడ తిరగదు.
ఎవురన్నా పిలిస్తే
ఆయప్ప మొత్తం తిరుగుతాడు, తలుపు మాదిరి."

నవ్వుతూనే చెప్పింది.
ఆ పళ్ళ మీద గోధుమరంగు గీతలు,
ఆరేళ్ళుగా నేను వక్కాకు అనుకున్నవి.

ఫోన్లో గంట మోగింది. ఇరవై నిమిషాలు.
మీట నొక్కితే
కడుగునీళ్ళ రంగులో వచ్చింది ముందు, ఇసుకతో సహా.
తర్వాత మసక. తర్వాత
రెండు తొట్లు మంచినీళ్ళు.
అలవాటుకొద్దీ మంచినీళ్ళు అన్నాను గానీ
క్యాను నీళ్ళు, డెబ్భై రూపాయలు.

మొదటి కప్పు పారబొయ్యమంది పుస్తకం, పారబోశాను.
రెండోది
గానుగ నూనెలా సన్నటి ధార, తెగకుండా దిగింది.
నేను మురిసిపోయి ఆమెకిచ్చాను.
పెదవి తడిపి చూసి
"కషాయం" అని గట్టు మీద పెట్టేసింది.

మిగిలిన నిమ్మఉప్పు నీళ్ళు సింకులో వంచబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"పారబోయాకండి, ఇట్లియ్యండి."
పాత బనీను గుడ్డ ముంచి
బాత్రూం కుళాయి రుద్దుతోంది ఇప్పుడు,
తెల్లమచ్చల కింద ఇత్తడి
ఎక్కడో ఒకచోట మెరుస్తోంది.

నారింజ దీపం ఆరిపోయింది.
రెండు నెలల తర్వాతి శనివారానికి
క్యాలెండరులో సున్నా చుట్టి,
పెన్ను ఇంకా చేతిలోనే ఉండగా
"గంగులమ్మా" అని పిలిచాను,
పనేమీ లేకుండానే.

తల ఒక్కటే ఇటు తిప్పింది.