సాలు

మా నాయిన నాగలి కట్టిన పొద్దు
సాలు కొసకు పోయినంక ఎద్దు తనంతట తనే మర్లేది.
ఎవ్వలు చెప్పలే దానికి.
ఒడ్డు కనవడ్డది, మర్లింది.
నా ఆకలికి ఒడ్డు లేదు.

ఎనుమాముల మార్కెట్ల తక్‌పట్టీలు రాస్త నేను.
తేజ మిర్చి, బస్తా నలభై రెండు కిలోలు,
తరుగు కిలో.
అంకె తప్పుపోదు నా చేతిల.
పదకొండు గొట్టంగ మాత్రం
పెన్ను కిందికెల్లి అక్షరాలు జరుగుతై,
సర్వపిండి వాసన యాడికెల్లో వస్తది,
ఎవ్వలు కాల్చకున్నా వస్తది.
తెచ్చిన సద్ది తొమ్మిదింటికే ఒడిసిపోతది.
ఊడ్చే లింగమ్మ నేనడుగకముందే
తన డబ్బ మూత తీస్తది.
ఆ చప్పుడుకు సిగ్గయితది,
సిగ్గు కన్న ముందు చెయ్యి పోతది.

చూసెటోళ్లకు నేను గట్టిదాన్ని.
చేతుల మీద నరాలు మోకుల లెక్క,
బుగ్గలు లోపలికి,
పిక్కలు పహిల్వాన్‌యి.
హమాలీ ఓదెలు నవ్వుకుంట అంటడు:
"ఏం తింటవక్కా, మాకు జెర చెప్పు."
చెప్తె నమ్ముతడా?
రాత్రి రెండింటికి లేచి
చీకట్ల గంజు అడుగు గీకుత,
గంటె సప్పుడని వేలితోని.

మెడ మీది నలుపును అమ్మ మట్టి అనుకున్నది.
పదేండ్లు పీసు పెట్టి రుద్దింది.
పెద్ద దవాఖాన్ల నెత్తురు తీసిన పిల్లగాడు
గొట్టాన్ని కిటికీకి ఎదురు పట్టి చూసిండు.
పైన మీగడ.
తెల్లగ, చిక్కగ, బర్రెపాల మీద కట్టినట్టు.
"ఇది నెత్తురేనా అన్నా?" అంటే
మాట్లాడలే.

డాక్టరమ్మ చిట్టీ ఎన్క బొమ్మ గీసింది.
అందరి ఒంట్ల కొవ్వుంటదట.
దాన్ని తిట్టుకుంటరు గని అది ఊకె కూసోదట,
రోజు మెదడుకు కబురంపుతదట:
గోదాంల సరుకున్నది, ఇగ సాలు.
ఆ కబురు పేరు లెప్టిన్.
నాకు గోదామే కట్టలే.
అమ్మనాయినలది మేనరికం,
ఇద్దరి కాడ అదే చిరిగిన కాయిదం.
తిన్నది దించెతందుకు జాగ లేక
నెత్తుట్ల తిరుగుతది, లివర్ల కుప్పవడ్తది,
షెడ్లు నిండినంక
తొవ్వ మీద పోసిన మార్చి నెల మిర్చి తీరు.
మెదడేమో కరువొచ్చింది, తిను అంటది.
దాన్ని ఏమంటం,
ఎవ్వలు ఉత్తరం రాయకపాయె దానికి.

ఇంట్ల అందరు ఇది గుణమనుకున్నరు.
"కక్కుర్తిది" అన్నది మేనత్త
అన్న పెండ్లిల, పది మంది ముంగట.
లేచి చెయ్యి కడుక్కున్న.
పందిరి ఎన్క
ఎత్తిపెట్టిన బగార గంజు కాడికి
కడిగిన చెయ్యే పోయింది.

పోయిన ఏడు, ఎవ్వలో దయ దలిస్తె,
మంచు డబ్బల మందొచ్చింది.
రోజొక సూది పొట్ట మీద.
పన్నెండో నాడో పదమూడో నాడో
పచ్చిపులుసు, అన్నం, కోడిగుడ్డు.
నాలుగు బుక్కలుండంగ చెయ్యి ఆగింది.
భయమైంది.
జరమేమో అని నొసలు పట్టి చూసుకున్న.
పళ్ళెం దిక్కు చూసిన,
అన్నం నా దిక్కు చూడలే.
ఒట్టి అన్నం అది. సల్లగయితున్నది.
"సాలమ్మా" అన్న.
అమ్మ గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డది.
ఇరవై ఆరేండ్లల్ల
నా నోట ఆ మాట ఇనలే ఆమె.

ఐదు నెలలకు మందు ఒడిసింది.
దరఖాస్తులు పెట్టినం. జవాబు లేదు.
ఆకలి మల్లొచ్చింది,
చెప్పులు ఇడువకుండనే లోపలికి.

మొన్న ఓదెలు మల్ల అదే అడిగిండు.
బస్తా మీద కూసోని చెప్పిన,
గోదాం సంగతంత, మీగడ సంగతంత.
బీడి ఆరిపోయేదాంక ఊకున్నడు.
తెల్లారి చాయబండి కాడ
నాకన్న ముందు ఆయనే అన్నడు:
"అక్కకు చక్కెర లేకుండ పొయ్యి, గిలాస నిండ."
తాగిన.
అది గూడ సాలలే.