వేబిల్లు వెనక దారి

ముప్పై ఒక్క ఏళ్లు
సిలిగురి అని రాశాను.
కాగితపు చుట్టలు ఎన్ని, బరువెంత, లారీ నంబరేది,
చేరవలసిన ఊరు: సిలిగురి.
నీలం కార్బన్ కింద మూడు నకళ్లు.
నా వేళ్లు వెళ్లొచ్చాయి ఆ ఊరికి.
నేను మాత్రం రాయగడ దాటితే
పార్వతీపురం పెళ్లిళ్లకే.

మిల్లు ఆఖరి జీతం చేతికొచ్చిన రోజున
ఈ సంగతి ఎలియాతో అన్నాను.
ఎలియా గొమాంగో, బాయిలర్ సెక్షను.
ఎడమ చెవి పూర్తిగా పోయింది,
కుడి చెవి దాని ఇష్టం.
"ఏ ఊరూ?" అన్నాడు. అరిచి చెప్పాను.
"బండి మీద పోదుమా?" అన్నాడు,
పక్క వీధిలో టీకి పిలిచినట్టు.

బండంటే వాళ్ల మామగారి రాజ్‌దూత్.
గుణుపూర్ దగ్గర మేకల పాకలో
పదకొండేళ్లు కోళ్లు గుడ్లు పెట్టిన బండి.
కార్బొరేటర్‌లో కందిరీగల గూడు.
మెకానిక్ సీమాంచల్ చూసి
ముందు నవ్వాడు, తరవాత చొక్కా విప్పాడు.
రెండు నెలలు.
పిస్టన్ రింగులు బరంపురం నుంచి,
చైను విజయనగరం పాత ఇనుము కొట్టు నుంచి,
సీటు తొడుగు మాత్రం ఎలియా భార్య మార్తమ్మ
చర్చి కర్టెన్ మిగిలిన గుడ్డతో కుట్టింది.

చిట్టా నేనే రాశాను, మిగిలిపోయిన వేబిల్లు పుస్తకం వెనక.
రాయడమే కదా నాకొచ్చింది.
క్లచ్ తీగ ఒకటి.
కొట్టేసి, రెండు.
ప్లగ్గు, ట్యూబు, పంక్చరు బంక,
పెట్రోల్లో ఆయిల్ కలిపే కొలత గ్లాసు,
చోడిపిండి రెండు కిలోలు,
ఎండు నెత్తళ్లు (ఎలియా సంచిలోనే, నా సంచిలో కాదు),
మునిగుడ, బలంగీర్, సంబల్‌పూర్, రాంచీ.
ఊళ్లు కూడా సామాన్ల వరసలోనే పడ్డాయి.

పైడమ్మ బీపీ మాత్రలు లెక్కపెట్టింది.
ఇరవై రెండు రోజులకి ఇరవై నాలుగు.
"ఆ రెండూ మీరిద్దరూ తగువాడిన రోజుకి" అంది.
"ఎవులున్నారు ఆ ఊర్లో?"
ఎవరూ లేరన్నాను.
"మరైతే?"

మూడో నకలు వెనక్కొచ్చేది, అందినదని సంతకంతో.
బంగ్లా అక్షరాలు, చదవలేను.
చివర తోక ఒకటి పైకి లేచి, పిట్ట వాలినట్టు వంగేది.
ఇన్నేళ్లూ అదే తోక.
నాలుగేళ్ల కిందట సంతకం మారింది.
అంతే.
పైడమ్మకి ఇది చెప్పలేదు, చెబితే
ముందు నాకు చెప్పుకోవాల్సొచ్చేది.

దారిలో ఎలియాకి నా మాట వినబడదు.
వాడు వెనక కూర్చున్నా అంతే, ముందు కూర్చున్నా అంతే.
అందుకని తట్టడం.
ముందున్నవాడి వీపు మీద
ఒకటంటే ఆగు.
రెండంటే నెమ్మది.
మూడు టీ.
అరచేయి ఊరికే ఆనించి ఉంచితే
ఏం లేదు, ఉన్నాను అని.
సాయంత్రాలు సెంటర్ స్టాండు మీద బండి,
బండి మీద ఇద్దరం, సాధన.
వీధి పిల్లలు గోడెక్కి చూసేవారు.
"తాతా, బండి కదలట్లేదు!"
ఎలియా వినకుండానే వాళ్లకి దండం పెట్టేవాడు.

మజ్జిగౌరి గుడి నుంచి నిమ్మకాయ తెచ్చాను.
వాడు బాప్టిస్టు, ఏమంటాడో అనుకున్నాను.
"మా పాస్టరు జీపుకీ పెట్టారులే" అన్నాడు,
చక్రం కింద తనే సరిచేసి.

ఇవాళ, చీకటుండగానే ఎక్కి కూర్చున్నాం.
నేను ముందు.
కిక్కు మీద కాలు వేశానో లేదో
వీపు మీద ఒకటి.
ఆగు.
"సైరన్ అవనీ."

పొద్దుటి షిఫ్టు సైరను.
అది కూసిందంటే లోపలికి నడిచిన కాళ్లు ఇవి.
ఊరి మీద ఉడికిన క్యాబేజీ వాసన, మిల్లు ఊపిరి,
అది ఎక్కడిదాకా మాతో వస్తుందో.
కూసింది.
కాకులు విన్నాయి, సీమాంచల్ షాపు రేకు షట్టరు వింది.
ఎలియా వినలేదు.
అరచేయి నా వీపుకి ఆనించి కూర్చున్నాడు,
అయిపోయిందని నేను చెప్పేదాకా.
దానికి ఏ తట్టూ అనుకోలేదు మేం.
తల ఊపాను.

మొదటి కిక్కుకి బండి లేవలేదు.
రెండోదానికి దగ్గి పడుకుంది.
సీమాంచల్ లుంగీ ఎగ్గట్టి పరుగున వస్తున్నాడు.

వీపు మీద మూడు.