నోటి కొలత

ముప్ఫై ఏళ్లుగా మల్లేశ్వరంలో కట్టుడుపళ్లు చేస్తున్నాను.
ఎవరి నోరైనా నాకు ముందు కొలత,
తర్వాతే మాట.

హెసరఘట్ట మైదానం అంచున
రేసులు మానేసిన ఆడగుర్రం నన్ను చూసి
తల పైకెత్తేసింది,
ఆకాశానికేదో ఫిర్యాదు చెప్పుకుంటున్నట్టు.
కాగితాల్లో దాని పేరు మిడ్‌నైట్ ఛార్టర్.
జొన్నసొప్ప చూస్తే ప్రాణం లేచొస్తుందని
పకీరప్ప పెట్టిన పేరు జొన్నమ్మ.

"మొండిది గాదు మేడం, నోరు నొస్తాంది దానికి.
ఈ పాత కళ్లెం సూడుమ్మా, నడిమికి మడిసే రకం.
పగ్గం గుంజితే సాలు,
అడకత్తెర మాదిరి నాలికను పట్టుకుంటాది,
మొన పోయి అంగిట్లో పొడుస్తాది."

అడకత్తెర అనగానే నా నాలుక
దానంతటదే వెనక్కి జరిగింది.

పెదవి ఎత్తి చూపించాడు.
ముందుపళ్లకీ దవడపళ్లకీ నడుమ
ఏమీ మొలవని కాస్త చోటు.
గడ్డి మేయడానికి అక్కర్లేని ఆ ఖాళీలో
ఇనుము పడుతుందని
మొదట ఏ మనిషికి తట్టిందో!
పల్చటి చిగురు, కిందే ఎముక.
నా దగ్గరికొచ్చే ముసలివాళ్ల చిగుళ్లూ అంతే,
ఆవగింజంత ఎగుడుదిగుడుంటే అన్నం మానేస్తారు.

పురికొస తడిపి
ఈ పెదవి మూల నుంచి ఆ పెదవి మూలకి పట్టాం.
అయిదుంపావు అంగుళాలు.
పాత కళ్లెం ఆరుకి దగ్గర.
ఇన్నాళ్లూ ఎవరిదో నోరు
దీని నోట్లో వేలాడింది.

శివాజీనగర్ జీన్ల దుకాణంలో
"లావుదే మెత్తన, ఇదే తీసుకోండి" అన్నాడు.
ఒప్పుకోలేదు.
దాని నాలుకే నోటినిండా ఉంది,
ఇంత లావు ముక్క దూరిస్తే
ఉమ్మి మింగడానికి దారేది?
బుట్టలు బుట్టలు కిందికి దింపించి
చివరికొకటి పట్టుకున్నాను:
రెండు కీళ్లది, నడుమ కందిబద్దలాంటి బిళ్ల,
కాస్త రాగి కలిసినది,
పెదవుల్ని గిల్లకుండా
పక్క కడియాలు కదలనిది.

ఆ రాత్రి వేడినీళ్లతో కడిగి
వంటింట్లో నా నోట్లోనే పెట్టుకు చూశాను.
రాగిచెంబు అడుగు వాసన.
చొంగ గడ్డం మీదికి కారింది.
మంచినీళ్లకని లేచొచ్చిన మా ఆయన
ఏం అడగాలో తెలియక
లైటార్పి వెళ్లిపోయాడు.

డిసెంబరు మంచు. పకీరప్ప కళ్లేన్ని
చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడు, జ్వరం చూసినట్టు.
"మూతి మూల ఒక్క ముడత సాలు.
రెండు పడితే ఉత్తుత్తిగా నవ్విచ్చినట్టుంటాది."
కాసేపు ఏమీ లేదు.
తర్వాత మెల్లగా దవడ ఆడింది.
ఒక పక్క తెల్లటి నురగ.
ఒక చెవి నా వైపు.

పొంగిపోయి ఎక్కాను.
వంద గజాలు వెళ్లామో లేదో
గడ్డిలోంచి తీతువు అరుస్తూ లేచింది,
నా చెయ్యి గుంజేసింది.
మళ్లీ అదే తల, అదే ఆకాశం.
కళ్లెం కొత్తదే.

పకీరప్ప ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకున్నాడు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని
మా నాన్న అనేవాడు,
క్లాసులో బెత్తం వెతుక్కుంటూ.

తడి మైనం మీంచి వేలు తీసినట్టు
ఒక్కో వేలే వదులు చేశాను.
మంచులో ఏమీ కనబడదు,
చప్పుడొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్లాను:
ఒకటి, రెండు,
మూడు,
నాలుగు.