జానెడు

ఆటోనగర్ నాలుగో రోడ్డులో మోటార్లు చుట్టడం నా పని.
కాలిన పంపుసెట్టు, బిగుసుకుపోయిన గ్రైండరు,
మాడిన వార్నిషు వాసన.
ముప్పై ఏళ్ళుగా నా ముక్కుకి అదే అత్తరు.
నాగుల్ మీరా రివైండింగ్ వర్క్స్.
బోర్డు మీద రెండు అక్షరాలు రాలిపోయినా
వెతుక్కునేవాళ్ళు వెతుక్కుంటారు.

మే నెల మిట్టమధ్యాహ్నం ఎస్తేరు రాణి వచ్చింది.
బందరు రోడ్డు అవతల కాలేజీ షెడ్డులో పరిశోధనట.
స్కూటీ డిక్కీలోంచి కాగితం చుట్ట తీసి బల్ల మీద పరిచి
ఎగరకుండా నా టీ గ్లాసు పెట్టింది.
నలభై కాయిళ్ళు, వరసగా,
ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం, మళ్ళీ ఉత్తరం.
"ఏం తిరుగుతుంది దీంతో?"
"ఏదీ తిరగదు బాబాయ్. ఊగుతుంది."

ఎలక్ట్రాన్లట. వెలుగుతో పందెం వేసినట్టు వచ్చేవి
ఈ గొట్టంలో పడి ఎడమకీ కుడికీ ఊగుతాయట.
తాగినోడి నడక, అన్నాను.
తాగినా లెక్క తప్పని నడక, అంది.

ఊగే ప్రతిదీ కాస్త అలని రాలుస్తుంది.
దేనికది రాలిస్తే వట్టి రొద.
ఆగిపోయిన లారీని పదిమంది తలో వేళకి తోస్తే
లారీ వింటుందా?
కానీ ఆ రాలిన అలే వెనక్కి తిరిగి వాటిని పడుతుందట,
ముందున్నవాటి చొక్కా లాగి, వెనకున్నవాటి వీపు నెట్టి,
గుంపులు కడుతుందట.
అడుగు కలిస్తే
పదిమందికి పదిమంది బలం కాదు, వందమందిది.
అల పిసరంత వడి ఎక్కువ. అలిసిన గుంపుని దాటి
ముందున్న తాజా గుంపు దగ్గర తీసుకుంటూ పోతుంది.
పోనుపోనూ పొడుగు తగ్గి, ఎత్తు పెరుగుతుంది.
"చివరికి ఎంత పొడుగు?"
బొటనవేలూ చిటికెనవేలూ సాచి కాగితం మీద ఆనించింది.

జానెడు.

జానెడు పొట్ట కోసం నలభయ్యొక్క కిలోల రాగి చుట్టాను.

రాలేదు.
మూడు రోజులు కాల్చినా ఆ పిల్ల తెర మీద గీత గీతలాగే ఉందట.
కిరణం గొట్టం గోడకి కొట్టుకుంటోందట.
నన్నేమీ అనలేదు. అనకపోవడమే గుచ్చింది.
దిక్సూచి జేబులో వేసుకుని షెడ్డుకి వెళ్ళాను,
కొంచెం కరెంటు వదలమని
కాయిలు కాయిలుకీ ముల్లు చూస్తూ నడిచాను.
ఇటు, అటు, ఇటు, అటు,
పదహారు, పదిహేడు, పద్దెనిమిది
మూడింటికీ ముల్లు ఒకే వైపు.

పదిహేడు చుడుతుంటే కరెంటు పోయింది.
టీకి వెళ్ళాను. తిరిగొచ్చి
ఏ చేతివైపు ఆపానో చూడకుండా అందుకున్నాను.
చెప్పాను.
"ఒకటేగా బాబాయ్" అంది.
ఒకటే. అడుగు తప్పడానికి ఒకడు చాలు.

మళ్ళీ చుట్టిన రాత్రి ఉండమంది.
"నీ దగ్గర టెస్టర్ దీపాలున్నాయా?"
సొరుగు బోర్లించాను. అరవైరెండు.
థర్మాకోల్ అట్టకి గుచ్చి కొమ్ము మూతి ఎదురుగా వేలాడదీసింది,
ఒక్కదానికీ తీగ లేదు.
సీసపు ఇటుకల గోడ ఇవతల, లైట్లార్పి,
చిన్న టీవీలో ఆ చీకటినే చూస్తూ నిలబడ్డాం.
బయట గూడ్సు బండి ఏదో కూత వేసింది.

టక్.

అంతే. అట్ట నడిమధ్య ఎర్రగా
ముప్పైయో ముప్పైరెండో, లెక్కపెట్టేలోపు లేవు.
ఆ పిల్ల గీత వంక చూడలేదు,
కొనలో ఒక ముల్లు లేచి అలాగే నిలిచిపోయి ఉంటే.
నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.
నవ్వో కాదో చీకట్లో తెలియలేదు.

పదిహేడో కాయిలు బిల్లులో వెయ్యలేదు.
దీపాలు తిరిగిచ్చింది, ఒకటి తక్కువ.
అడగలేదు.
ఇవాళ పొద్దున ఎవరిదో మిక్సీ ప్లగ్గులో టెస్టర్ పెడితే
దీపం వెలిగింది,
తీగ తాకితేనే వెలుగుతానన్నట్టు,
ఏమీ ఎరగనట్టు.