ఓపీ చీటీ

శనివారం పొద్దున్న ఏడున్నరకి
కేజీహెచ్ ఓపీ కౌంటర్ పక్కన
చెయ్యి విరిగిన కుర్చీ ఒకటి నాది.
జీతం లేదు. ఐడీ కార్డూ లేదు.
కాలేజీ ఎన్నెస్సెస్ బ్యాడ్జీ, ఇంకు కారే పెన్ను,
రాయడం రాని వాళ్లకి చీటీలు రాసిపెట్టే పని.

పేరు, ఊరు తేలిగ్గానే వస్తాయి.
వయసు దగ్గర కొందరు ఆగుతారు.
"హుద్‌హుద్ గాలికి మా మనవడు పాకుతున్నాడు,
నువ్వే లెక్కేసుకో తల్లీ."
లెక్కేస్తాను.

నాలుగో గడి: ఏం బాధ?
అక్కడ పెన్ను ఆగిపోతుంది.

ద్వారకానగర్ కోచింగ్‌లో రెండేళ్లు
నాలుగు ఆప్షన్ల మధ్య బతికినదాన్ని.
ఒకటి రైటు, మూడు తప్పు,
తప్పుకి ఒక మార్కు కోత.
రిపీటర్స్ బ్యాచి, చివరి బెంచి,
ఏసీ నీళ్లు సరిగ్గా భుజమ్మీద పడే చోటు.
నీట్ ర్యాంకు ఆరంకెల్లో వచ్చింది.
నాన్న కళ్లజోడు సర్దుకుని
"ఇది ఏ ఊరి పిన్‌కోడమ్మా?" అన్నాడు.
ఆ తర్వాతే మద్దిలపాలెంలో బీఎస్సీ,
మైనం పళ్లెంలో వానపాము,
ఎన్ని ఉతుకులకీ వదలని ఫార్మలిన్ చున్నీ.

ఇక్కడ ఆప్షన్లు లేవు.
గాజువాక వెల్డరుకి
కంట్లో వేడి ఇసుక దొర్లుతోంది.
హార్బర్‌లో బుట్టలు మోసే పోలమ్మకి
నడుం పీకుతోంది అని రాశానో లేదో,
"పీకడం నిన్నటిదాకానే. ఇయ్యాల తోడేస్తంది."
కొట్టేసి మళ్లీ రాశాను.
డాక్‌యార్డులో రిటైరైన మేస్త్రీకి
మామూలు రోజున మోకాలు సలుపు,
వాన రాబోయే ముందు పోటు,
వెలిశాక తీపు.
మూడూ ఒకటి కాదని
నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.
ఏడేళ్ల పిల్ల కడుపులో
ఎవరో తడిబట్టలు పిండుతున్నారు.

నోట్‌బుక్కు వెనక పేజీల నుంచి
రాసుకుంటూ వస్తున్నాను.
గుంజు, నస, చిమచిమ, తిమ్మిరి, జివ్వు.
ముందు నుంచి క్రెబ్స్ సైకిలు వస్తోంది.
ఎక్కడో నడిమి పేజీలో
రెండూ గుద్దుకుంటాయి.

డిసెంబరులో
పాడేరు ఘాటు దిగి ఒకావిడ వచ్చింది,
రాత్రంతా బస్సులో, ఒక్కత్తే.
పక్కటెముక మీద వేలు పెట్టి
ఒక మాట అంది.
మళ్లీ అదే మాట.
ఒరియా వచ్చని చెప్పుకునే సెక్యూరిటీ సన్యాసిరావు
చెవి దగ్గర పెట్టి విని
పెదవి విరిచాడు.
సలుపా? పోటా? మంటా?
నా వెనక పేజీలన్నీ ఒక్కొక్కటే తీసి చూపించాను.
పూర్ణా మార్కెట్లో బేరం కుదరనట్టు
దేనికీ తల ఊపలేదు.
ఆప్షన్లు ఇస్తున్నది నేనేనని
అప్పుడు తెలిసింది.

ఇక మాట వదిలేసి
నా మణికట్టు పట్టుకుని
అరచేతిని తన పక్కలో ఆనించుకుంది.
ఊపిరి లోపలికి వెళ్తోంది,
సగం దారిలో
కొంగు మేకుకి తగులుకున్నట్టు ఆగుతోంది,
విదిలించుకుని మళ్లీ కదులుతోంది.
మా వెనక క్యూ గొణుగుతోంది.

నాలుగో గడిలో పట్టక, మార్జిన్లోకి రాశాను:
ఊపిరి సగంలో చిక్కుకుంటోంది.
ఆమె అన్న మాట నాకు తెలీదు.
చెయ్యి పెట్టి చూడండి.

హౌస్ సర్జన్ చీటీ పట్టుకుని బయటికొచ్చాడు.
"ఎవరు రాశారిది? ఏ ఇయర్ నువ్వు?"
బీఎస్సీ సెకండియర్ సార్, జువాలజీ.
"చెస్ట్ పెయిన్ అని రాస్తే చాలు."
చాలునేమో.
మార్జిన్ మాత్రం రెండోసారి చదువుకుంటూ
లోపలికెళ్లాడు.
ఆమెని పై అంతస్తుకి తీసుకెళ్లారు.
తర్వాతేమైందో తెలీదు.
వార్డులోకెళ్లి అడగడానికి
నాకు ఐడీ కార్డు లేదు.

మేలో మళ్లీ పరీక్ష.
ఫిజియోథెరపీ ఫారం కూడా తెచ్చి
బోటనీ రికార్డులో దాచాను,
నాన్నకింకా చెప్పలేదు.
ఆ మాటని తెలుగక్షరాల్లో రాసుకున్నాను,
మూడక్షరాలు,
మధ్యది సరిగ్గా విన్నానో లేదో.

జగదాంబలో ఇరవై ఎనిమిది ఎక్కి
కిటికీ పక్కన నిలబడి
నా పక్కటెముక మీద నేనే చెయ్యి వేసుకుని
ఆ మాట పైకి అని చూశాను.
కండక్టరు టికెట్ మిషన్ మీంచి తలెత్తాడు.
"అలాటి స్టాపు ఈ రూట్లో లేదమ్మా."
కంచరపాలెం ఒకటి, అన్నాను.