తడిసిన క్యాసెట్టు

శనివారం ఏడు దాటాక
షట్టరు సగం దించుతాను.
ఎవరొచ్చినా వంగే రావాలి.
కరెంటాఫీసు సుబ్బరాజుగారు పొడగరి,
ఇప్పటికి మూడుసార్లు తల కొట్టుకున్నారు.

రాజోలు బస్టాండు వెనక
కాలిపోయిన మోటార్ల మధ్య
వార్నిషు వాసనలో మా పాటల బేరం.
డబ్బు చెల్లదిక్కడ.
పాట ఇచ్చినవాళ్ళు
అది మొదట ఎక్కడ చెవిన పడిందో చెప్పి తీరాలి.
చెప్పకపోతే సగమే ముట్టినట్టు
నోటుపుస్తకంలో రాసుకుంటాను.

ఇజ్రాయేలు రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరియేటర్ల హోరులో
చిన్న రేడియో చెవికి అదుముకుని
ఏ దేశానిదో ఒక గిటారు పట్టుకొచ్చాడు.
"ఆయ్, బాస తెల్దండి.
రెండింటప్పుడు నీళ్ళ మీద రొయ్య ఎగిరిందండి,
సరీగ్గా అక్కడే దరువు పడిందండి."
ఇంతకంటే ఏం కావాలి మాకు?
"అది పాటా? డబ్బాలో గులకరాళ్ళు!"
అన్నాడు బ్యాండుమేళం మొయినుద్దీన్.
ఆ మర్నాడే ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో
క్లారినెట్టు మీద అదే వాయిస్తూ దొరికిపోయాడు.

చించినాడ వంతెన దాటి
లేసు సంచీతో వస్తుంది మేరీరత్నం.
వాళ్ళ నాయనమ్మ రంగూన్ నుంచి తెచ్చిన నల్ల పళ్ళెం
అరవై ఏళ్ళు నీళ్ళ బిందె మీద మూత.
ఫ్యాను మోటారుకి పలక బిగించి
ఎక్కడో ముల్లు సంపాదించి పెట్టాను.
గరగర, గరగర,
ఇసకలో పడవ లాగినట్టు,
ఆ తరవాత
ఎవరో ఒక ఆడమనిషి గొంతు
మడత విప్పుకుంటూ లేచింది.
మేరీరత్నం చేతిలో సూది ఆగిపోయింది.
"ఇన్నాళ్ళూ ఈవిడ నెత్తిమీంచేనా
మేం గ్లాసు ముంచుకున్నది!"

ఇక నా వంతు.
నాదెప్పుడూ ఒకటే.

ఎనభై ఆరు వరదలో
గోదారి కొట్లోకొచ్చి నడుమెత్తున నిలబడింది.
తీశాక, ఒండ్రులోంచి ఏరాను క్యాసెట్లు,
బొమ్మిడాయిలు ఏరినట్టు.
టేపు మొత్తం బయటికి లాగి
మంచినీళ్ళలో జాడించి
దండేనికి ఆరేశాను.
చూసినవాళ్ళు నాకు మతి పోయిందన్నారు.
పెన్సిలుతో చుట్టుకుంటూ వస్తే
బతికింది ఒక్కటే.
పేరు రాసిన చీటీ కరిగిపోయింది.
వయొలిన్ అది, ఎవరిదో తెలీదు.
కాస్త నీరసంగా మొదలై
నాలుగో నిమిషంలో నీళ్ళలోకి దిగిపోతుంది,
అడుగున ఏదో తడుముకుని
ఊపిరి పట్టలేక పైకొస్తుంది.
ఆ మునక దగ్గర మేమందరం
కళ్ళు మూసుకుంటాం.
మొయినుద్దీన్ కూడా, ఏ వంకా పెట్టకుండా.

పోయినవారం
మొయినుద్దీన్ మనవరాలు నస్రీన్
ఫోనులో దొరకబట్టింది దాన్ని,
చుక్క మట్టి అంటనిది.
విన్నాం.
కమాను తిరిగిన చోటల్లా తెలుస్తోంది.
ఆయన ముక్కుతో తీసిన గాలి తెలుస్తోంది.
నాలుగో నిమిషం వచ్చింది,
మునగకుండానే దాటిపోయింది.
అయిపోయాక కాసేపు
బయట ఆగిన బస్సు ఇంజనే మోగింది.
"బావుంది" అన్నారు సుబ్బరాజుగారు,
పక్కింటివాళ్ళ కూర రుచి చూసినట్టు.
ఇజ్రాయేలు మెల్లిగా అన్నాడు:
"ఆయనకి మన వరద తెల్దు కదండీ, పాపం."

నోటుపుస్తకం తీశాను. నియమం నియమమే.
"నువ్వు మొదట ఎక్కడ విన్నావమ్మా?"
"ఇక్కడే. తాత చెప్పుల దగ్గర కూచుని,
షట్టరు కింద సందులోంచి.
ఫోనులో దొరికినప్పుడు
ఆ చోటు రాగానే నేను ఊపిరి బిగబట్టానండి.
పాటేమో ఆగలేదు.
నేనొక్కదాన్నే మునిగాను."

ఎవరం ఏమీ అనలేదు.
తడిసిన క్యాసెట్టు పెట్టమని
మొయినుద్దీనే సైగ చేశాడు.
మీట నొక్కాను.
వెళ్ళబోతున్న సుబ్బరాజుగారు
గిరుక్కున వెనక్కి తిరిగి
నాలుగోసారి తల కొట్టుకున్నారు.