పదకొండు బొమ్మల బాకీ

నెల్లిమర్లలో జూట్ మిల్లు గేటుకి ఎదురుగా నా నెట్ సెంటర్.
జిరాక్సు, ఆధారు, కరెంటు బిల్లు, హాల్‌టికెట్లు.
సినిమా కోసం మెట్లెక్కినవాడు
కోరాడ ఎరకయ్య ఒక్కడే.

పేరు చెప్పాడు. మా అమ్మ పుట్టకముందు బొమ్మ.
"తాలం ఎయ్యనిది కావాలమ్మీ."

మనవడు ఫోనులో డబ్బు కట్టి తెచ్చాడట.
నెల తిరిగేసరికి గడువైందని మాయమైపోయిందట.
ఉన్న ఆ నెలా
ఇంకో ఫోనుకి పోదు, టీవీకి ఎక్కదు.
"గొడుగు కొన్నాను. నా ఇంటిదాని సేతికిత్తే
ఇప్పుకోనంటాది.
అదేటి గొడుగు?"

"రెండు నిమిషాలు తాతా" అన్నాను.
అవి దొరికే సందులు నాకు తెలుసు.
పైన పేకాట ప్రకటన, కింద వైరసు,
తెర మూల ఎవడిదో ఫోన్ నెంబరు.
తల అడ్డంగా తిప్పాడు.
"దొంగది ఒద్దు."
నాతో కాదు,
నా వెనక గోడతో అన్నట్టు అన్నాడు.

మూడు రోజులు వచ్చాడు.
నేను వెతికినంతసేపూ స్టూలు మీద
మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.
ఒకచోట ఉంది, అమ్మరు.
ఒకచోట అమ్ముతారు, దించుకోనివ్వరు.
ఒకచోట దించుకోనిచ్చి, వాళ్ల పెట్టెలోనే చూడమంటారు.
మూడో రోజు సాయంత్రం
ఎక్కడో పాత రీళ్లు శుభ్రం చేసే గ్రంథాలయం వాళ్ల పేజీలో
కింద చిన్న అక్షరాలు:
"అరవై ఏళ్లు నిండాయి. ఇక ఇది అందరిదీ.
దించుకోండి, దాచుకోండి, పంచిపెట్టండి."
చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు.
"మిల్లు నన్ను యాబై ఎనిమిదికే ఇంటికంపీసింది,"
నవ్వాడు, "నన్నెవులూ దించుకోనేదు."

ఒకటిన్నర జీబీ.
తొంభై శాతం దగ్గర కరెంటు పోయింది.
చీకట్లో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

వచ్చాక, సరిగ్గా దిగిందో లేదో అని నడిపించి చూశాను.
"నలబై ఏడో నిమిసానికి పో" అన్నాడు.
ఏరు. పడవ. ఒడ్డున ఆ అమ్మాయి
చెయ్యి ఎత్తబోతోంది,
అంతలోనే దించేసి ఉంది.
మధ్యన ఎత్తడం లేదు.

"ఫైలు పాడైంది తాతా."
"పైలు కాదు. నానే."

రొంటిన దోపుకున్న పొడుం డబ్బీ తీశాడు.
పొడుం లేదు. చుట్ట చుట్టిన గోరంత వెడల్పు ఫిల్ము.
ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టాడు.
పదకొండు చిన్న గళ్లు, పదకొండు సార్లు అదే అమ్మాయి,
గడిగడికీ చెయ్యి
కాస్త పైకి.

రామతీర్థం జాతర డేరాలో
పద్నాలుగేళ్ల రీలు చుట్టే కుర్రాడు.
ఆ రాత్రి ఫిల్ము తెగింది, అతికించాడు.
"ఈ ముక్క మిగిలిపోనాది"
అని ఆగి,
"మిగల్నేదునే. మిగిల్సుకున్నాను."

ఎన్ని ఊళ్లు తిరిగిందో ఆ కాపీ,
ఎన్ని కాపీలు బూజుపట్టి పోయాయో,
చివరికి వాళ్ల చేతికి దొరికింది
మా డేరాలో తెగినదే.

లెక్క కట్టాను. సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు.
అర సెకను కూడా కాదు తాతా.
"తెలుసు" అన్నాడు. "నెక్క నాకూ తెలుసు."

ఆ ముక్కని కవర్లో పెట్టాం.
గ్రంథాలయం వాళ్ల కాగితంలో
హక్కుదారు అని ఒక గడి ఉంది.
పెన్ను పట్టుకుని అడిగాను, ఏం రాయను?
చాలాసేపు మిల్లు గేటు వైపు చూశాడు.
"తిరిగిచ్చినోడు అని రాసీ."

పెన్‌డ్రైవు జేబులో వేసుకుని
నలభై రూపాయలకి రసీదు అడిగి తీసుకున్నాడు.
డబ్బీ బల్ల మీదే వదిలేశాడు.
గుండుసూదులు వేసుకుంటున్నాను అందులో.
పొడుం అయిపోయి ఎన్నేళ్లైందో గానీ
మూత తీసినప్పుడల్లా
ఒక తుమ్ము.